హాజరు పట్టీలో లేని మనిషి

టౌను, ప్రెస్సు వెనక వీధి
జూన్ 4

ప్రియమైన అత్తకు,

నీ వసపిట్ట నమస్కారాలు. ఇది ఊరికే బాగోగులు అడగడానికి రాస్తున్న ఉత్తరం కాదు, పని పడి రాస్తున్నాను. కోప్పడకుండా చివరిదాకా చదువు.

మొన్న టైంకీపర్ తాతగారు ప్రెస్సుకు వచ్చారు. అదే చేతికర్ర, జేబులో అవే రెండు పెన్నులు. గని మూతపడి పదహారేళ్ళయింది కదా, వచ్చే జనవరిలో లోపలికి దిగే షాఫ్టు బావిని కూడా కాంక్రీటు పోసి పూడ్చేస్తారట. ఆలోగా మన గని ఊరి చరిత్ర చిన్న పుస్తకంగా తేవాలని పాత కార్మికుల సంఘం నిర్ణయించిందట. "మన ఊళ్ళో పుట్టి అక్షరాల మధ్య బతుకుతున్నది నువ్వొక్కదానివేనమ్మా" అన్నారు. నేను రాసేదాన్ని కాదు, ప్రూఫులు చూసేదాన్ని, ఇంకొకళ్ళ తప్పులు దిద్దడమే నా పని అన్నాను. "అయితే మా తప్పులే దిద్దు" అన్నారాయన. సరేనన్నాను.

నాన్న ఉంటే నాన్ననే అడిగేదాన్ని. ఐదేళ్ళయింది, ఇప్పటికీ ఏదైనా సందేహం వస్తే ముందు ఆయన కుర్చీ వైపే చూస్తాను. ఇక మిగిలింది నువ్వు. ముప్ఫై ఏళ్ళు దీపాల గదిలో కూర్చున్నావు. లోపలికి దిగే ప్రతి మనిషీ నీ కిటికీ ముందు నుంచే కదా వెళ్ళాడు. మొదట బంగారం ఎవరు చూశారు, షాఫ్టు ఎప్పుడు తవ్వారు, ఎలా బతికారు, అన్నీ రాయి. ఫోను మాత్రం చేయకు. ఆ రాళ్ళ మిల్లు చప్పుడుకు నీ చెవులు ఎప్పుడో పోయాయి. ఫోనులో నీకు సగమే వినబడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. చరిత్రకు అది పనికిరాదు.

నీ
వసపిట్ట


లైను ఇళ్ళు, మూడో వరస
జూన్ 15

చిరంజీవి వసపిట్టకు అత్త దీవెనలు.

నా చెవులకేం, దివ్యంగా ఉన్నాయి. మీ తరం వాళ్ళు గొణుగుతారు, అంతే.

నువ్వు అడిగినవి రాస్తున్నాను. వరసగా రావు, నువ్వే పేర్చుకో.

బంగారాన్ని మొదట చూసింది కంపెనీ కాదు. కంపెనీ పుట్టకముందే వాగు ఒడ్డున ఇసుక కడిగేవాళ్ళు ఉండేవాళ్ళు. పది పన్నెండు కుటుంబాలు. వెడల్పాటి చెక్క పళ్ళెంలో ఇసుక పోసి, నీళ్ళలో తిప్పి తిప్పి వదిలితే, ఇసుకంతా కొట్టుకుపోయి అడుగున ఆవగింజలో సగమంత మెరుపు మిగిలేది. దాన్ని చూసే కంపెనీ వాళ్ళు వచ్చారు. వాగులో ఇంత ఉంటే కొండలో ఎంత ఉండాలి అని లెక్క వేసుకున్నారు. నూట నాలుగేళ్ళ కిందట షాఫ్టు మొదలైంది. మా తాత మొదటి గడ్డపార వేసినవాళ్ళలో ఒకడు. తానే మొదటివాడినని ఆయన చెప్పుకునేవాడు. నిజానికి అలా చెప్పుకున్న తాతలు ఈ వరసలోనే ఆరుగురు ఉండేవాళ్ళు.

కంపెనీ వచ్చాక మనుషులు రెండు రకాలయ్యారు. హాజరు పట్టీలో పేరున్నవాళ్ళు, లేనివాళ్ళు. పేరున్నవాళ్ళకు లైను ఇళ్ళు, ఆసుపత్రి, బడి. ఇసుక కడిగేవాళ్ళు మాత్రం వాగు అవతలే ఉండిపోయారు. ఆ కుటుంబాల్లో చివరికి మిగిలింది మన పక్కింటి దర్జీ అక్క ఒక్కతే. గని మూతపడి ఇళ్ళు ఖాళీ అయ్యాక వాగు దాటి ఇటు వచ్చింది.

రాళ్ళు దంచే మిల్లు గురించి రాయి. ఆ చప్పుడు ఇరవై నాలుగు గంటలూ ఉండేది. ఒకసారి మరమ్మతుకని ఒక పూట ఆపారు. ఊరంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటున్నామని అప్పుడు తెలిసింది. మీ నానమ్మ గుమ్మంలో నిలబడి "ఇంత గట్టిగానా మనం మాట్లాడుకునేది?" అంది. అదీ అరిచే చెప్పింది.

దీపాల గది సంగతి నీకు తెలిసిందే. ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ, దాని మీద నంబరు. బిళ్ళ నాకిచ్చి టోపీకి తగిలించుకునే దీపం తీసుకొని ఇనప బోనెక్కి షాఫ్టులోకి దిగుతాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక బిళ్ళలు తగిలించే నా పలక మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నాడన్నమాట. ముప్ఫై ఏళ్ళు నేను చేసింది అదే. పలక ఖాళీ అయ్యేదాకా ఇంటికి వచ్చేదాన్ని కాదు.

దగ్గు మందు మానేయకు. నీది మీ నాన్న ఛాతీ.

అత్త


టౌను, ప్రెస్సు వెనక వీధి
జూలై 20

ప్రియమైన అత్తకు,

నీ ఉత్తరం ప్రెస్సులో అందరికీ చదివి వినిపించాను. మొదటి గడ్డపార తాతలు ఆరుగురూ పుస్తకంలోకి వచ్చేశారు. అందరి పేర్లూ వేస్తున్నాం, ఎవరి మనవలూ కొట్లాటకు రాకుండా.

టైంకీపర్ తాతగారు సంఘం ఆఫీసులోని ఇనప్పెట్టె ఒకటి పంపించారు. ఆయన రాసిన, చెదలు తిన్న హాజరు పట్టీలు, ఆసుపత్రి చీటీలు, అడుగున నీ దీపాల రిజిస్టర్లు. నీ దస్తూరి ఎంత బాగుండేదత్తా. ఇప్పుడు కోడి గీతలు గీస్తున్నావు కానీ అప్పట్లో ముత్యాలే.

నలభై రెండేళ్ళ కిందటి ప్రమాదం గురించి ఒక అధ్యాయం పెట్టాలి. అయిదో సొరంగం కూలిన రోజు, నవంబరు పన్నెండు. నేను పుట్టిన రోజు కాబట్టి నాకది చిన్నప్పటి నుంచీ తెలుసు. ప్రతి ఏడూ నాకు మిఠాయి పెట్టి, వెంటనే షాఫ్టు దగ్గర రాతి పలక ముందు నిలబెట్టేవాళ్ళు. పలక మీద ఏడు పేర్లు. కానీ ఆ రోజు నీ రిజిస్టరులో "తిరిగి రాని దీపాలు: ఎనిమిది" అని ఉంది. ఏడుగురు మనుషులకు ఎనిమిది దీపాలు ఎలా? ఒకటేమైనా పాడైతే అందులోనే కలిపి రాశావా? చిన్న విషయమే, కానీ ప్రూఫులు చూసేదానికి అంకెలు కలవకపోతే అన్నం సహించదు.

నీ
వసపిట్ట


లైను ఇళ్ళు, మూడో వరస
ఆగస్టు 2

చిరంజీవి వసపిట్టకు దీవెనలు.

ఇక్కడ వానలు. పైకప్పు రెండు చోట్ల కారుతోంది. ఒక చోట బకెట్టు, ఇంకో చోట మీ నాన్న పాత ఇనప టోపీ తిరగేసి పెట్టాను. దర్జీ అక్క నా కిటికీకి మందపాటి గుడ్డ కుట్టి తెచ్చి తనే మేకులు కొట్టి వెళ్ళింది. డెబ్భై రెండేళ్ళ మనిషి బల్ల ఎక్కి. వద్దన్నా వినదు.

ఎలా బతికామో రాయమన్నావు కదా, బడి సంగతి చెప్తాను. బడి నాలుగు గదులు. పిల్లలు వరసగా నిలబడితే ఎవరి నాన్నది ఏ షిఫ్టో చెప్పేయొచ్చు. పొద్దుటి షిఫ్టు వాళ్ళ పిల్లలు తల దువ్వుకోకుండా వచ్చేవాళ్ళు. తెల్ల ఇసుక దిబ్బల గురించి కూడా రాయి. బంగారం తీసేశాక మిగిలిన పిండి అది. ఎండాకాలం గాలికి లేచి ఆరేసిన బట్టల మీదా అన్నం మీదా పడేది. గనిలో దిగని వాళ్ళు కూడా దగ్గేవాళ్ళు.

దీపాలంటావా, పాడవుతూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. ఆ రోజు గొడవలో ఎవరికి గుర్తుంటుంది. ఏడని రాసుకో.

అత్త


టౌను, ప్రెస్సు వెనక వీధి
సెప్టెంబరు 9

అత్తా,

ఏడని రాసుకోలేకపోతున్నాను.

పెట్టెలో ఇంకో కాగితం దొరికింది. ప్రమాదం జరిగిన రోజు మధ్యాహ్నం గేటుకు అంటించిన జాబితా అది. లోపల చిక్కుకున్నవాళ్ళు ఎనిమిది మంది. ఎనిమిదో పేరుకు నంబరు నూట పన్నెండు. అది నాన్న బిళ్ళ నంబరని నాకు తెలుసు, మన ఇంటి తలుపు వెనక సుద్దతో రాసి ఉండేది. ఆ పేరు మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన టైంకీపర్ తాతగారి సంతకం.

నాన్న ఆ రోజు ఆసుపత్రిలో అమ్మ దగ్గర ఉన్నారని మీరందరూ నాకు లక్షసార్లు చెప్పారు. మరి ఆయన బిళ్ళ నీ పలక మీద ఎలా ఉంది? ఆయన దీపం ఎవరు తీసుకెళ్ళారు?

నేను గొంతు పెంచడం లేదు. నువ్వెప్పుడూ నాతో అబద్ధం ఆడలేదు. పోయిన ఉత్తరంలో కూడా ఆడలేదు, మాట దాటేశావంతే. వాన గురించి అంత పొడుగ్గా రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

నీ
వసపిట్ట


లైను ఇళ్ళు
సెప్టెంబరు 18

వసపిట్టా,

రాస్తాను. కాస్త ఆగు.

అత్త


లైను ఇళ్ళు, మూడో వరస
నవంబరు 3

చిరంజీవి వసపిట్టకు,

నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది ఎలా వస్తే అలా పంపిస్తున్నాను.

దర్జీ అక్కకు ఒక తమ్ముడు ఉండేవాడు. నువ్వు చూడలేదు. ఎప్పుడూ ఈల వేస్తూ తిరిగేవాడు కాబట్టి ఊళ్ళో అందరూ ఈలగాడు అనేవాళ్ళు. ఇసుక కడిగేవాడు. చెక్క పళ్ళెం వీపుకు కట్టుకొని వాగు వెంబడి వారాల తరబడి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చేవాడు. గనిలో పని కోసం మూడుసార్లు అడిగాడు. ఇసుక కడిగేవాళ్ళు నిలకడగా ఉండరని కంపెనీ తీసుకోలేదు. మీ నాన్నకు వాడంటే ప్రాణం. ఇద్దరూ కలిసి చేపలు పట్టేవాళ్ళు.

ఆ వారం గనిలో తనిఖీ జరుగుతోంది. పని మానినవాడిని లోపలి పని నుంచి తీసేస్తామని ముందే చాటించారు. ఆ రోజు తెల్లారుతూనే మీ అమ్మకు నొప్పులు వచ్చాయి. ఆసుపత్రి మూడు మైళ్ళు. మీ నాన్న గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడిపోయాడు. అప్పుడు ఈలగాడు వచ్చి, ఆ బిళ్ళ నాకివ్వు, ఈ ఒక్క పూటకు నేను దిగుతాను, టోపీ కిందికి లాక్కుంటే ఎవరు చూడొచ్చారు అన్నాడట. మీ నాన్న ఇచ్చాడు.

వాడు నా కిటికీ దగ్గరకు వచ్చాడు. బిళ్ళ నూట పన్నెండు. మనిషి మా అన్నయ్య కాదు. నేను తల ఎత్తి చూశాను. వాడు నవ్వాడు. "మంచి దీపం చూసి ఇవ్వండి, మొదటిసారి దిగుతున్నాను" అన్నాడు. వద్దని ఒక్క మాట అంటే వాడు వెనక్కి వెళ్ళేవాడు. నేను అనలేదు. అన్నయ్య పని నిలబడుతుంది కదా అనుకున్నాను. నిండుగా ఛార్జింగు ఉన్న దీపం ఏరి ఇచ్చాను.

పది గంటలకు నా బల్ల మీద టీ గ్లాసు దానంతటదే జరిగింది. అంతే. పెద్ద చప్పుడు కూడా లేదు.

మధ్యాహ్నానికి జాబితా అంటించారు. కోడలిని ఆసుపత్రిలో దింపి షిఫ్టుకు దిగాడనుకొని, మా అమ్మ గేటు పట్టుకొని కొడుకు కోసం ఏడుస్తోంది. నేను పక్కనే ఉండి కూడా కాదని చెప్పలేకపోయాను. ఇంతలో మీ నాన్న రోడ్డు మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు. ప్రమాదం సంగతి ఆయనకు తెలియదు. "ఆడపిల్ల" అని దూరం నుంచే అరిచాడు. చచ్చిపోయాడనుకున్న మనిషి నడిచి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. మా ఇంటివాళ్ళందరం నవ్వేశాం. ఆ ఏడు కుటుంబాల ముందు నిలబడి నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

దీపం తీసుకున్నాక ఆసుపత్రి నుంచి కబురొచ్చి దిగకుండానే వెళ్ళిపోయానని, ఆ కంగారులో దీపం ఎక్కడో పారేసుకున్నానని మీ నాన్న టైంకీపర్‌కు చెప్పాడు. ఆయన పేరు కొట్టేశాడు. తర్వాత పదకొండు రోజులు మీ నాన్న తవ్వేవాళ్ళతో కలిసి లోపలికి దిగాడు. తన షిఫ్టు అయ్యాక వేరేవాళ్ళ షిఫ్టులో కూడా తవ్వాడు. పన్నెండో రోజు ఇక లాభం లేదని ఆ సొరంగానికి గోడ కట్టేశారు. ఎవరి శవమూ దొరకలేదు.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. విచారణ జరుగుతోంది. పట్టీలో లేనివాడు దిగాడని తెలిస్తే బండ వాడి వల్లే కూలిందని రాసి కంపెనీ చేతులు దులుపుకునేది. మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకున్న కారణం అది. అబద్ధం కాదు. కానీ దాని కింద ఇంకొకటి ఉంది, భయం. ఇద్దరి పనీ పోతుంది, ఇల్లు పోతుంది, పొత్తిళ్ళలో నువ్వున్నావు. మొదటి వారం చెప్పలేనిది మొదటి ఏడాది చెప్పలేకపోయాం. తర్వాత చెప్పడానికి నోరే రాలేదు. మీ అమ్మకు కూడా తెలియదు.

దర్జీ అక్కకు తమ్ముడు కనబడలేదు. ముందు రోజు ఇద్దరూ ఏదో గొడవ పడ్డారట. తన మీద అలిగి ఊరు విడిచి పోయాడనుకుంది. రెండు నెలలు వాగు వెంబడి ఊరూరా అడుగుతూ తిరిగింది. నా కిటికీలోంచి ఆమె వెళ్ళడం కనబడేది, రావడం కనబడేది. నేను దీపాలు తుడుస్తూ కూర్చునేదాన్ని.

మీ నాన్న పోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకొని, "నువ్వయినా చెప్పవే చెల్లీ" అన్నాడు. చెప్తానన్నాను. ఐదేళ్ళయింది. పదహారేళ్ళుగా ఆమె నా పక్కింట్లో ఉంది. నాకు జ్వరం వస్తే గంజి కాచి తెస్తుంది. ఆమె ఇంట్లో నేను ఇంతవరకూ మంచినీళ్ళు తాగలేదు. ఎందుకే అంత మొహమాటం అంటుంది.

ఇప్పుడు నువ్వు నన్ను ఏమనుకున్నా సరే.

అత్త


టౌను, ప్రెస్సు వెనక వీధి
నవంబరు 12

ప్రియమైన అత్తకు,

ఇవాళ నా పుట్టినరోజు. ప్రెస్సుకు వెళ్ళలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ నాన్న మీద కోపం తెచ్చుకోవాలని చూస్తున్నాను, రావడం లేదు. చిన్నప్పుడు నాకు నిద్ర పట్టకపోతే ఆయన ఈల వేసి జోకొట్టేవారు. పాట కాదు, ఈల. ఎక్కడ నేర్చుకున్నావు నాన్నా అంటే ఒక స్నేహితుడు నేర్పాడు అనేవారు. ఆ స్నేహితుడెవరని నేను ఎప్పుడూ అడగలేదు.

నా కోసం ఒక మనిషి దిగాడు. నేను అడిగానా అనుకున్నాను. నిన్నంతా అదే. తర్వాత, నేను అడిగినా అడగకపోయినా నలభై రెండేళ్ళు బతికేశాను కదా అనుకున్నాను. నిన్ను ఏమీ అనుకోవడం లేదత్తా. ఇరవై నాలుగేళ్ళ పిల్లవి అప్పుడు. నా కంటే ఎంత చిన్నదానివో.

కానీ ఒకటి. ఏడని దిద్దడం నావల్ల కాదు. ఎనిమిదని వేస్తాను. పుస్తకం జనవరిలో వస్తుంది, దర్జీ పెద్దమ్మకు చదువు వచ్చు. తన తమ్ముడి సంగతి ఆమె అచ్చు కాగితంలో చూడకూడదు. నువ్వే చెప్పాలి. నేను వచ్చి పక్కన కూర్చోనా? కూర్చోమంటే మొదటి బస్సుకు బయలుదేరతాను. కానీ నేను పక్కనుంటే ఆమె నిన్ను తిట్టాలనుకున్నా తిట్టలేదేమో. అందుకని అడుగుతున్నాను, నువ్వే చెప్పు.

నీ
వసపిట్ట


లైను ఇళ్ళు, మూడో వరస
నవంబరు 21

వసపిట్టా,

నువ్వు రావద్దు. చెప్పేశాను.

నిన్న పొద్దున్నే వెళ్ళాను. మిషను మీద దిండు గలీబులు కుడుతోంది. కూర్చోమంది. నిలబడే చెప్పాను. మిషను ఆపలేదు. బిళ్ళ సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆపింది. అంతా విన్నాక, "అయితే ఆ గోడ అవతల ఉన్నాడా?" అంది. ఉన్నాడన్నాను. "నేను వాగు వెంబడి తిరిగినప్పుడు నీకు తెలుసా?" అంది. తెలుసన్నాను. లేచి వచ్చి తలుపు తెరిచి పట్టుకుంది. నేను బయటికి వచ్చేశాను. తలుపు వేసుకుంది.

తిట్టి ఉంటే బాగుండేది. గోడకు ఇవతల కూర్చొని వింటున్నాను. మిషను చప్పుడు లేదు.

అత్త


టౌను, ప్రెస్సు వెనక వీధి
డిసెంబరు 2

ప్రియమైన అత్తకు,

నువ్వు తింటున్నావా? నాలుగో ఇంటి నర్సమ్మ గారికి కబురు చేశాను, రోజూ వచ్చి చూస్తానన్నారు. విసుక్కోకుండా తలుపు తియ్యి.

టైంకీపర్ తాతగారిని కలిసి అంతా చెప్పాను. ఈ వయసులో ఇవన్నీ తవ్వడం ఎందుకంటారేమో, పుస్తకం ఆపేయమంటారేమో అని సిద్ధపడే వెళ్ళాను. ఆయన జేబులోని పెన్నుల్లో ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. "కొట్టేసింది నేనే. దీపం పారేసుకున్నాడంటే నమ్మలేదు. మీ నాన్న జన్మలో ఒక మేకు కూడా పారేసుకోలేదు. అయినా నేను అడగలేదమ్మా. అడిగితే చెప్తాడేమోనని అడగలేదు" అన్నారు. ఆ గీత తానెందుకు గీశానో పుస్తకంలో తన పేరుతోనే వేయమన్నారు. సంఘంలో ఎవరైనా కాదంటే తాను మాట్లాడుకుంటానన్నారు. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నారు, ఎప్పుడూ పట్టుకోరు.

ఎనిమిదో మనిషి పేజీ ఒక్కటీ ఖాళీగా ఉంచాను. దర్జీ పెద్దమ్మ ఏమీ చెప్పకపోతే ఎనిమిదో పేరు మాత్రం వేసి వదిలేస్తాను. ఆవిడను తొందరపెట్టకు. నువ్వు నలభై రెండేళ్ళు తీసుకున్నావు, ఆవిడకు నలభై రోజులైనా ఇద్దాం.

మందులు వేసుకో.

నీ
వసపిట్ట


లైను ఇళ్ళు, మూడో వరస
డిసెంబరు 29

చిరంజీవి వసపిట్టకు అత్త దీవెనలు.

ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది, టీ పెట్టుకొని కూర్చో.

దర్జీ అక్క పోయిన గురువారం వచ్చింది. అన్ని రోజులూ కుళాయి దగ్గర ఎదురుపడినా బిందె నింపుకొని వెళ్ళిపోయేది. గురువారం తలుపు కొట్టకుండా లోపలికి వచ్చి నా మంచం మీద కూర్చుంది. వచ్చింది నన్ను కడిగేయడానికే అనుకున్నాను, సిద్ధంగానే ఉన్నాను.

"మేం ఎందుకు గొడవ పడ్డామో నీకు తెలుసా?" అంది.

తెలియదన్నాను.

"నీ గురించే."

వసపిట్టా, నీతో ఒక మాట చెప్పలేదు. ఎవరితోనూ చెప్పలేదు. ఆ ఏడు వేసవిలో ఈలగాడు నా కిటికీ దగ్గర ఒకసారి అడిగాడు, నన్ను చేసుకుంటారా అని. లైనులో మనుషులు నిలబడి ఉన్నారు. మా అన్నయ్యతో మాట్లాడండి అని ఊరుకున్నాను. వద్దనలేదు. అవునని కూడా అనలేదు. వాడికి అది చాలినట్టుంది, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ప్రమాదానికి ముందు రోజు వాడు అక్కకు ఆ సంగతి చెప్పాడట. ఆమెకు భయం వేసింది. లైను ఇళ్ళవాళ్ళు ఇసుక కడిగేవాడికి పిల్లనిస్తారా, నలుగురిలో నవ్వులపాలవుతావు, ముందు నీ పేరు ఆ పట్టీలో ఎక్కించుకొని రా, అప్పుడు మాట్లాడు అందట. వాడు పళ్ళెం విసిరేసి బయటికి వెళ్ళాడు. తెల్లారేసరికి లేడు. తన మాటకే వెళ్ళిపోయాడని ఆమె అనుకుంది. ఎక్కడో ఇల్లూ పిల్లలూ పెట్టుకొని హాయిగా ఉండి, ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయడం లేదని రోజూ తిట్టుకుంది.

"నువ్వు చెప్పి వెళ్ళాక మూడు రోజులు నీ మీద కోపం. ఆ తర్వాత నా మీద. పట్టీలో ఎక్కి రమ్మన్నది నేనే కదా" అంది. నీ వల్ల కాదక్కా, బిళ్ళ ఇచ్చింది మా అన్నయ్య, దీపం ఇచ్చింది నేను అన్నాను. "అలా పంచుకుంటూ పోతే ఊరంతటికీ వస్తుంది. బండ కూలింది. ఆ బండకు కర్రలు వెయ్యమంటే వెయ్యలేదు కంపెనీ. అది రాయమను మీ మేనకోడల్ని" అంది.

అది రాయి. అయిదో సొరంగం పైకప్పుకు దుంగలు కావాలని మనవాళ్ళు రెండు నెలల ముందు నుంచీ అడుగుతున్నారు. మేమందరం ఎరుగుదుం.

తర్వాత నిన్ను ఇంకో మాట రాయమంది. నేను కాగితం తెచ్చుకొని ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. నువ్వు దిద్దకు, అచ్చు తప్పులు తప్ప.

"నా తమ్ముడు ఇసుక కడిగేవాడు. వయసు ఇరవై ఏడు. పొడుగ్గా ఉండేవాడు, ఎడమ చేతివాటం. వాడి పేరు ఏ పట్టీలోనూ లేదు. స్నేహితుడికి బిడ్డ పుడుతోందని వాడి బదులు గనిలోకి దిగాడు. ఎవరి మీదా అలిగి పోలేదు."

చివరి ముక్క చెప్పాక నా దుప్పటి ముఖానికి పెట్టుకుంది. నేను ఆమె వీపు మీద చెయ్యి వెయ్యాలా వద్దా అని అలాగే నిలబడ్డాను. చివరికి వేశాను. తోసెయ్యలేదు. "ఇన్నేళ్ళూ వాడిని తిట్టాను. ఒక్కసారి కూడా ఏడవలేదే" అంది.

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం వాళ్ళింట్లోనే ఉంటున్నాను. మొదటి రోజు గ్లాసుతో మంచినీళ్ళు నా చేతికిచ్చి, నేను తాగేదాకా కదలకుండా చూసింది. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అదొక్కటీ ఎవరూ ఎత్తడం లేదు. గలీబులకు నేను దారాలు తెంపుతాను, ఆమె కుడుతూ మాట్లాడుతుంది. నాకు తెలిసింది వాడి చివరి రెండేళ్ళే, అదీ కిటికీలోంచి. మిగతాదంతా చెప్తానంది. పుట్టిన రోజు నుంచి మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మ వాగు ఒడ్డునే వాడిని కన్నదట. రెండో ఏట నీళ్ళలో పడ్డాడు. అయిదో ఏట ముందు పళ్ళు రెండూ ఒకే రోజు ఊడిపోతే, ఆ సందులోంచి ఈల వచ్చిందట, అలా మొదలైంది. ఆమె ఏదీ వదలదు. ఏ చొక్కా తొడుక్కున్నాడో, దానికి ఎన్ని గుండీలో కూడా చెప్తుంది, దర్జీది కదా.

మేం తొందరపడటం లేదు. ఇవాళ్టికి వాడికి తొమ్మిదేళ్ళు వచ్చాయి.

అత్త